రీలు కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని లోపలి అద్దం ద్వారా చూసి తీసే) కెమెరాల గురించి మీరు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు. ముందుగా ఒక్క మాట. ఈ కెమెరాల్లో ఇత్తడి, ఉక్కు భాగాలు చెడడం తక్కువ. చెడేవి మూడే: స్పాంజి, గ్రీజు, సెల్లు. రీలు కొనేముందు ఈ మూడూ చూసుకోండి.

మా నాన్నగారు 1980ల్లో కొన్న పెంటాక్స్ కె1000 బీరువాలో దొరికింది. పదిహేనేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. రీలు వేసేముందు ఏమేం చూసుకోవాలి? – ఎస్.వి., ఏలూరు

మంచి కెమెరా దొరికిందండీ. కె1000 1976 నుంచి 1997 దాకా తయారైంది. దీని షట్టర్ (నొక్కినప్పుడు తెరుచుకుని రీలుకి వెలుతురు వదిలే తెర) పూర్తిగా స్ప్రింగులు, పళ్లచక్రాల మీదే నడుస్తుంది. సెల్లు కావలసింది వెలుతురు కొలిచే లైట్ మీటరుకి మాత్రమే.

వెనక మూత అప్పుడే తెరవకండి. లోపల నాన్నగారు వాడిన రీలు ఉండిపోయి ఉండొచ్చు. ఎడమవైపు రివైండ్ నాబ్ మీద మడత పిడి ఉంటుంది. దాన్ని విప్పి బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. అడ్డు లేకుండా తిరుగుతూనే ఉంటే కెమెరా ఖాళీ. కాస్త తిరిగి బిగుసుకుంటే రీలు ఉన్నట్టే. అప్పుడు అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, రీలు మొత్తం వెనక్కి చుట్టాకే మూత తీయండి. ఆ రీలు ఎంత పాతదైనా పారేయకుండా కడిగించండి (డెవలప్ చేయించండి).

తరవాత సెల్లు. అడుగున ఉన్న గుండ్రటి మూతను రూపాయి నాణెంతో తిప్పితే ఊడుతుంది. లోపల పచ్చగానో తెల్లగానో పొక్కు కనిపిస్తే పాత సెల్లు కారిందన్నమాట. ఇయర్ బడ్‌ని వెనిగర్‌లో తడిపి, పిండి, ఆ పొక్కును తుడవండి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి ఆరనివ్వండి. ఎల్ఆర్44 సెల్లు ఒకటి చాలు. ఎస్ఆర్44 అయితే ఇంకా మేలు, దాని వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఈ కెమెరాకి మీటర్ ఆపే స్విచ్ లేదు. లెన్సు మూత పెట్టి చీకటి చేయడమే స్విచ్. మూత పెట్టకుండా షెల్ఫులో వదిలేస్తే సెల్లు ఊరికే అయిపోతుంది.

ఇప్పుడు షట్టర్. స్పీడు డయల్‌ని 1 సెకను దగ్గర పెట్టి, రీలు ముందుకి జరిపే లివర్ లాగి బటన్ నొక్కండి. టక్, ఆ వెంటనే సన్నగా జ్‌ర్‌ర్‌ మని పళ్లచక్రాలు తిరిగిన చప్పుడు, మళ్లీ టక్ వినిపించాలి. ఆ జ్‌ర్‌ర్‌ మధ్యలో నీరసపడినా, ఆగిపోయి డయల్ కదిపితే కదిలినా గ్రీజు గట్టిపడిందని అర్థం. ఒక్కో స్పీడు దగ్గర పాతిక ముప్పైసార్లు నొక్కితే కొంత వదులవుతుంది. వదలకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే లాంటివి మాత్రం పొయ్యకండి. ఆ నూనె పాకి షట్టర్ తెర మీదికీ లెన్సు రంధ్రాన్ని చిన్నా పెద్దా చేసే రేకుల మీదికీ చేరిందంటే, చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది.

ఎక్కువ స్పీడు పరీక్ష పగటిపూట చేయాలి. లెన్సు తీసి, వెనక మూత తెరిచి, కెమెరాను ఆకాశం వైపు పెట్టి వెనకనుంచి చూస్తూ 1/1000 దగ్గర నొక్కండి. దీర్ఘచతురస్రం మొత్తం ఒక్క మెరుపు మెరవాలి. షట్టర్లో ఒకదాని వెనక ఒకటి కదిలే రెండు తెరలుంటాయి. ఒక పక్క చీకటిగా ఉండిపోతే రెండో తెర మొదటి తెరని మధ్యలోనే అందుకుంటోందన్నమాట. ఫొటోలో ఆ పక్క నల్లగా వస్తుంది. ట్యూబులైటు కింద ఈ పరీక్ష వద్దు, దాని మిణుకు వల్ల మోసపోతాం. బాగుచేయించేదాకా 1/250కి మించకుండా వాడుకోవచ్చు. షట్టర్ తెర గుడ్డది కాబట్టి చీకటి గదిలో ముందునుంచి టార్చి కొట్టి, వెనకనుంచి సూదిబెజ్జాలు ఉన్నాయేమో చూడండి.

లోపలి అద్దాన్ని వేలితోగానీ గుడ్డతోగానీ తాకవద్దు. దాని పూత గాజు వెనక కాదు, ముందువైపే ఉంటుంది, తుడిస్తే లేచిపోతుంది. దుమ్ముంటే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. అద్దం మీది దుమ్ము ఫొటోలో ఎలాగూ రాదు.

మొదటి రీలు 24 ఫొటోలది చాలు. స్పీడు డయల్ బయటి అంచుని పైకెత్తి తిప్పి ఐఎస్‌ఓ అంకె (రీలు వెలుతురుని ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పేది) మీరే పెట్టాలి. రీలు డబ్బాను చూసి తెలుసుకునే ఏర్పాటు ఈ కెమెరాలో లేదు.

మినోల్టా ఎస్ఆర్‌టి 101 కొన్నాను. 1.5 వోల్టుల సెల్లు వేస్తే మీటర్ కదులుతోంది కానీ ఫొటోలన్నీ చీకటిగా, గరుకుగా వస్తున్నాయి. మీటర్ చెడిందా? – పి.ఆర్., కర్నూలు

మీటర్ కన్నా ముందు అనుమానించాల్సింది సెల్లుని. మీ కెమెరా 1966 నాటి డిజైన్. దాని మీటర్‌ని 1.35 వోల్టుల పాదరసం సెల్లుకి సరిచేశారు. పాదరసం విషమని ఆ సెల్లులు నిషేధించారు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ పైకి లేస్తుంది. వెలుతురు ఎక్కువుందనుకుని మీరు స్పీడు పెంచుతారు, రీలుకి చాలినంత వెలుతురు అందదు. పైగా ఆల్కలైన్ వోల్టేజి రోజురోజుకీ తగ్గుతుంది కాబట్టి, ఇంత తేడా అని లెక్క కట్టుకుని వాడడమూ కుదరదు.

చౌకైన దారి వినికిడి యంత్రాల సెల్లు, 675 నంబరు జింక్-ఎయిర్. వోల్టేజి 1.4. హియరింగ్ ఎయిడ్ దుకాణంలో అడిగితే ఇస్తారు. వ్యాసం 11.6 మిల్లీమీటర్లే, పాత పిఎక్స్625 సెల్లుది 15.6. ఆ ఖాళీ పూడేలా చుట్టూ రబ్బరు ఓ-రింగు ఒకటి వేయండి. సెల్లు మీది స్టిక్కర్ పీకాక ఐదు నిమిషాలు గాలికి ఉంచి, అప్పుడు లోపల పెట్టండి. స్టిక్కర్ పీకిన దగ్గర్నుంచి అది అరుగుతూనే ఉంటుంది, మీటర్ స్విచ్ ఆపినా తేడా లేదు. రెండు మూడు నెలలకోసారి మార్చుకోవాలి.

అన్ని కెమెరాలకీ ఈ పథ్యం అవసరం లేదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కూడా పాదరసం కాలం నాటిదే. దాని మీటర్ బ్రిడ్జ్ సర్క్యూట్ కాబట్టి వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా లెక్క తప్పదు. ఒలింపస్ ఓఎం-1కి మాత్రం మీ కెమెరాకి చెప్పిందే వర్తిస్తుంది. ఎక్కువగా వాడేవారైతే మెకానిక్ చేత మీటర్‌ని ఎస్ఆర్44కి సరిచేయించుకోవడం మంచిది. ఒకసారి ఖర్చు, తరవాత బాధ ఉండదు.

మీటర్ నిజం చెబుతోందా అని చూసుకోవడానికి ఒక లెక్క ఉంది. మబ్బు లేని ఎండలో అపెర్చర్ (లెన్సు రంధ్రం సైజు) 16 దగ్గర పెడితే, స్పీడు రీలు ఐఎస్‌ఓకి దగ్గరి అంకె. ఐఎస్‌ఓ 200 రీలుకి 1/250. మధ్యాహ్నం ఎండలో మీటర్ ఇంతకు బాగా దూరంగా చెబితే దాన్ని నమ్మకండి.

యాషికా ఎఫ్‌ఎక్స్-3తో తీసిన ఫొటోల మీద ఎర్రటి చారలు పడుతున్నాయి. వెనక మూత తెరిస్తే వేలికి నల్లటి జిగురు అంటుకుంది. – కె.ఎల్., ఖమ్మం

ఆ జిగురే ఒకప్పటి స్పాంజి. మూత సందుల్లోంచి వెలుతురు రాకుండా అతికించే ఈ పాలియురేథేన్ స్పాంజి ఏళ్లు గడిస్తే కరిగి తారులా అవుతుంది. వెలుతురు రీలు వెనకనుంచి, నారింజరంగు ప్లాస్టిక్ గుండా దిగుతుంది కాబట్టి చార ఎర్రగా పడుతుంది. ముందునుంచి దిగితే తెల్లగా కనిపించేది. మీ చేత్తో మీరే బాగుచేసుకోదగ్గ పని ఇది. ఒక మధ్యాహ్నం పడుతుంది.

కావలసినవి: వెనక జిగురున్న నల్ల స్పాంజి షీటు 1.5, 2 మిల్లీమీటర్ల మందాల్లో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, పళ్లపుల్లలు, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు. సన్నటి గాడులకి స్పాంజి దొరక్కపోతే నల్ల ఊలు దారం చక్కగా పనిచేస్తుంది.

ముందు షట్టర్ తెర మీద కాగితం ముక్క కత్తిరించి కప్పండి. మూత ఉన్న వైపు నేలకి ఉండేలా కెమెరాని పట్టుకుంటే గీకిన ముక్కలు కిందికి రాలతాయి, లోపలికి పోవు. పైనా కిందా రెండు పొడవాటి గాడులు, మూత కీలు దగ్గర ఒక వెడల్పు పట్టీ, ఈ మూడు చోట్లా పాతది పూర్తిగా పోవాలి. పళ్లపుల్లతో గీకండి. లోహపు మొన వాడితే రంగు లేచి, అక్కడ వెలుతురు మెరుస్తుంది. మిగిలిన జిడ్డును ఆల్కహాల్ బడ్‌తో, బడ్ నల్లబడడం ఆగేదాకా తుడవండి. పావుగంట ఆరాక కొత్త పట్టీలు అతికించండి. జిగురు వైపు కాస్త నీటి తడి చేస్తే వెంటనే అంటుకోకుండా, సర్దుకునే వ్యవధి ఇస్తుంది. గాడుల్లో 1.5, కీలు దగ్గర 2 మిల్లీమీటర్లు. మూత బలవంతం మీద పడుతోందంటే స్పాంజి మందం ఎక్కువైంది, తీసి సన్నది వేయండి. మూత వేసి ఒక రోజు వదిలేయండి.

అద్దం పైకి లేచినప్పుడు తగిలే చోట కూడా ఒక స్పాంజి ముక్క ఉంటుంది. దాన్ని గీకేటప్పుడు లెన్సు రంధ్రం నేలవైపు ఉండాలి. పైనున్న ఫోకసింగ్ తెర మీద ఆ జిగురు పడితే వదలదు, తుడిస్తే గీతలు పడతాయి.

మీ కెమెరా పైనున్న తోలులాంటి పొర కూడా రాలుతూ ఉండాలి. ఎఫ్‌ఎక్స్-3లన్నింటికీ ఉన్న జబ్బే అది. చూపుకే లోపం, ఫొటోకి కాదు.

కెనాన్ ఏఈ-1 నొక్కినప్పుడల్లా కీచుమంటోంది. – ఎం.టి., నిజామాబాద్

దీన్ని కెనాన్ దగ్గు అంటారు. చప్పుడు షట్టర్‌ది కాదు, అద్దాన్ని లేపే పళ్లచక్రాల్లో నూనె ఎండిపోయింది. అలాగే వాడుతుంటే అద్దం రోజురోజుకీ నెమ్మదిస్తుంది. సరైన చోట పలచటి నూనె ఒక్క చుక్క వేస్తే పోతుంది, కానీ ఆ చోటుకి చేరడానికి చేయి తిరిగిన మెకానిక్ కావాలి. కె1000కీ దీనికీ ఉన్న తేడా గుర్తుంచుకోండి: ఇది ఎలక్ట్రానిక్ షట్టర్. 6 వోల్టుల 4ఎల్ఆర్44 సెల్లు లేకపోతే అసలు నొక్కుడే పడదు. చనిపోయిందని అమ్మేసే ఏఈ-1ల్లో కొన్నింటికి కొత్త సెల్లు వేస్తే లేచి కూర్చుంటాయి.

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు సగం నల్లగా వచ్చాయి. – ఆర్.జె., తెనాలి

స్పీడు ఎక్కువ పెట్టారు. ఫ్లాష్ వెలిగేసరికి తెర సగమే తెరుచుకుని ఉంది. కె1000, ఏఈ-1లకి 1/60 దాటకూడదు. నికాన్ ఎఫ్‌ఎంకి 1/125. ఎఫ్‌ఎం2 తొలి మోడల్‌కి 1/200, తర్వాతి దానికి 1/250. తక్కువ స్పీడు ఎంతైనా పరవాలేదు.

నా దగ్గర నికాన్ ఎఫ్‌ఎం2 ఉంది. 1960ల నాటి 50 ఎం.ఎం. నికార్ లెన్సు తక్కువకి వస్తోంది. పడుతుందా? – వి.ఎన్., తిరుపతి

కొనకండి, పెట్టి చూడను కూడా వద్దు. నికాన్ 1977లో ఏఐ (లెన్సు అపెర్చర్ ఎంతో కెమెరాకి తెలిపే) పద్ధతి తెచ్చింది. అంతకుముందు లెన్సుల అపెర్చర్ రింగు వెనక అంచు నిండుగా ఉంటుంది. అది ఎఫ్‌ఎం2 మౌంటు (లెన్సు బిగించే చోటు) చుట్టూ ఉన్న చిన్న పిన్నుని నెట్టి విరగ్గొడుతుంది. అదే 1977 నాటి ఎఫ్‌ఎంకి ఆ పిన్నుని మడిచి పక్కకి పెట్టుకునే వీలుంది. పేర్లు ఒకేలా ఉన్నాయని చాలామంది ఇక్కడే పొరబడతారు.

లెన్సు మీద గుర్తులివి. రింగు పైనున్న లోహపు చెవులకి రెండు కిటికీల్లాంటి బెజ్జాలుండి, అపెర్చర్ అంకెలు రెండు వరసల్లో ఉంటే అది ఏఐ. చెవులు గట్టిగా, బెజ్జాలు లేకుండా ఉంటే పాతది. పాతవాటిల్లోనూ రింగు చెక్కించి ఏఐగా మార్చినవి ఉంటాయి కాబట్టి, చివరి మాట రింగు వెనక అంచుదే. అక్కడ మెట్టులా కోత ఉంటే భయం లేదు.

కాలేజీ విద్యార్థిని. మొదటి రీలు కెమెరాగా ఏది కొనాలి? జెనిట్-ఇ చాలా చవగ్గా ఉంది. – డి., వరంగల్

మా ఓటు యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000కి. మెకానికల్ షట్టర్, తేలికైన ఒళ్లు, రెండు ఎల్ఆర్44 సెల్లులతో నడిచే మీటర్. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోల్లో బాగా తిరిగిన కెమెరా, మన దగ్గర మెకానిక్‌లకి పరిచయమే.

మాస్కో దగ్గరి క్రాస్నోగొర్స్క్‌లో పుట్టిన జెనిట్-ఇ గట్టి పిండమే కానీ, మొదటి కెమెరాగా విసిగిస్తుంది. స్పీడు 1/30 నుంచి 1/500 దాకానే. వ్యూఫైండర్ చీకటి. మీటర్‌కి సెల్లు అక్కర్లేదు, కానీ అందులోని, వెలుతురుతో కరెంటు పుట్టించే సెలీనియం ఇన్నేళ్లకి బలహీనపడి ఉంటుంది, ముల్లు కదిలినంత మాత్రాన నమ్మకూడదు. దానితో వచ్చే హీలియోస్ 44-2 లెన్సు మాత్రం ఎంతో బాగుంటుంది, దాని కోసం కొంటే కొనండి.

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనో, ఢిల్లీ చాందినీ చౌక్ కూచా చౌదరీలోనో చేత్తో చూసి కొనేటప్పుడు, రెండు ఎల్ఆర్44 సెల్లులు, చిన్న టార్చి, ఒక నాణెం జేబులో వేసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో అయితే 1 సెకను స్పీడు చప్పుడు వినపడేలా వీడియో, లెన్సు గుండా టార్చి వేసిన ఫొటో అడగండి. "టెస్ట్ చేయలేదు" అని రాసి ఉంటే, పనిచేయదనుకునే ధర కట్టండి.

కాకినాడలో ఉంటాం. మూడు లెన్సుల్లో ఫంగస్ కనిపిస్తోంది. ఎండలో పెడితే పోతుందా? – జి.ఎస్.

పోదు. పైగా ఎండ వేడికి లెన్సులోని గ్రీజు పలచబడి రేకుల మీదికి దిగుతుంది. జిడ్డంటిన రేకులు చటుక్కున మూసుకోవు. ఎండాకాలం కారులో వదిలేసిన లెన్సుకీ ఇదే గతి.

టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అంచున రెండు మూడు సాలెగూడు పోగులే ఉంటే ఫొటోలో తేడా దాదాపు తెలియదు, వెలుతురుకి ఎదురుగా తీసినప్పుడే కాస్త మసక వస్తుంది. మధ్యలో గుత్తులుగా ఉంటే విప్పించి శుభ్రం చేయించాలి. ఆలస్యం చేస్తే ఫంగస్ పూతని తినేస్తుంది, తుడిచాక కూడా ఆ మచ్చ మిగులుతుంది. రెండు గాజుల్ని అతికించిన జాయింటులోకి దూరితే ఆ ఖర్చు సాధారణ లెన్సుకి దండగ.

బూజు బీజాలు గాలిలో అంతటా ఉంటాయి. మన చేతిలో ఉన్నది చెమ్మ ఒక్కటే. గాలి బిగిసే ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న హైగ్రోమీటర్, రంగు మారే సిలికా జెల్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు కవర్లో పెట్టి దాచకండి, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. కలరా ఉండలు, కర్పూరం దగ్గరికి రానివ్వకండి. వానాకాలంలో నెలకోసారైనా బయటికి తీసి, వాడండి.

విజయవాడలో మేలో కుళాయి నీళ్లు 34 డిగ్రీలు. ఇంట్లో హెచ్‌పి5 నలుపు-తెలుపు రీలు కడగడం సాధ్యమేనా? – టి.కె.

సాధ్యమే, కానీ డెవలపర్ని (బొమ్మని పైకి తెచ్చే రసాయనాన్ని) పలచన చేయాలి. ఐడి-11 డెవలపర్ని నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గి ఐదు నిమిషాల లోపుకి వస్తుంది, అంత తక్కువ సమయంలో మచ్చలు మచ్చలుగా కడుగుతుంది. సగానికి సగం నీళ్లు కలిపితే 20 డిగ్రీలకి 13 నిమిషాలు, 24 డిగ్రీలకి దాదాపు 9. కాబట్టి 24 డిగ్రీలు మీ లక్ష్యం. ఒక రీలుకి 150 మిల్లీలీటర్ల డెవలపర్, 150 నీళ్లు, వాడాక పారబోయడమే.

పెద్ద టబ్బులో నీళ్లు పోసి, పాలిథీన్ సంచిలో ఐసు ముక్కలు వేసి తేలనివ్వండి. డెవలపర్, ఫిక్సర్ సీసాలు, కడిగే నీళ్ల సీసా అన్నీ ఆ టబ్బులోనే నిలబెట్టండి. అసలు కిటుకు ఇదే: 24 డిగ్రీల డెవలపర్ తర్వాత 34 డిగ్రీల కుళాయి నీళ్లు పోస్తే, మెత్తబడ్డ పొర ముడతలు పడి బొమ్మంతా పగిలిన నేలలా అవుతుంది. మొదట 10 సెకన్లలో ట్యాంకుని నాలుగుసార్లు తిరగేయండి, ఆపైన ప్రతి నిమిషం మొదట్లో అంతే. తర్వాత స్టాప్ బాత్ (డెవలపర్ పని ఆపే ద్రావణం), ఆపైన బొమ్మని నిలిపే 1+4 (ఒక పాలుకి నాలుగు పాళ్ల నీళ్లు) ర్యాపిడ్ ఫిక్సర్‌లో 5 నిమిషాలు. ఫిక్సర్ పోయేలా కడగడానికి మూడు విడతల నీళ్లు: 5, 10, 20 సార్లు తిరగేసి పారబోయాలి. ఆఖరి ముంపు డిస్టిల్డ్ వాటర్లో, వెటింగ్ ఏజెంట్ (నీటి చుక్కలు మరకలుగా ఆరకుండా చేసే ద్రవం) కొన్ని చుక్కలతో. బోరు నీళ్లయితే ఉప్పు మరకలు ఆరాక తెల్లగా మిగులుతాయి.

సగం రీళ్లు కడిగేటప్పుడు కాదు, వెలుతురు చొరని చీకటి సంచిలో ట్యాంకు చక్రం మీదికి ఎక్కించేటప్పుడే పాడవుతాయి. మేలో సంచిలో చేతులు చెమర్చి, ఆ తడికి రీలు ప్లాస్టిక్ చక్రంలో ఇరుక్కుంటుంది. తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో ఎక్కించండి. చక్రం పూర్తిగా పొడిగా ఉండాలి.

అమ్మమ్మగారింట్లో ఊటీ ఇందు కంపెనీ నలుపు-తెలుపు రీలు దొరికింది. వాడొచ్చా? – బి.పి., అనంతపురం

ఇందు రీళ్లు 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌వి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అట్టపెట్టె పాడవకుండా దాచండి. వాడదలిస్తే గడువు దాటిన ప్రతి పదేళ్లకీ ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుతురు ఎక్కువివ్వండి, పొగమంచు కమ్మినట్టు వస్తుందని అనుకునే తీయండి. డబ్బా మీద 120 అని ఉంటే మీ 35 ఎం.ఎం. కెమెరాలో పట్టదు. కలర్ ల్యాబ్‌కి మాత్రం ఇవ్వకండి. ఆ రసాయనాల్లో వెండి మొత్తం కొట్టుకుపోయి, ఖాళీ రీలు తిరిగొస్తుంది.

డల్లాస్ నుంచి సెలవులకి వస్తున్నాం. విమానాశ్రయం ఎక్స్‌రేలో రీళ్లు పాడవుతాయా? – ఎన్.ఆర్.

చెకిన్ సామానులో మాత్రం పెట్టకండి. క్యాబిన్ బ్యాగుకి పాత రకం ఎక్స్‌రే అయితే ఐఎస్‌ఓ 400 దాకా ఒకటి రెండుసార్లకి ఏమీ కాదు. కొత్త సీటీ స్కానర్లలో ఏ రీలైనా మసకబారుతుంది. అమెరికా వైపు అడిగితే చేత్తో తనిఖీ చేస్తారు. రీళ్లు డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన జిప్ సంచిలో పెట్టుకోండి. మన వైపు అది ఆ అధికారి ఇష్టం. తీసిన రీళ్లు ఇక్కడే కడిగించి తీసుకెళ్లడం క్షేమం.

36 ఫొటోలు తీశాను. రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. తప్పు నాదా, ల్యాబ్‌దా? – హెచ్., కరీంనగర్

రీలు అంచున చూడండి. కంపెనీ పేరు, అంకెలు ఫ్యాక్టరీలోనే ముద్రపడి ఉంటాయి, కడిగితేనే కనిపిస్తాయి. అవి కూడా లేకపోతే ల్యాబ్ తప్పు. స్పష్టంగా ఉండి ఫొటోలే లేకపోతే, చాలాసార్లు రీలు కెమెరాలో కదిలే ఉండదు. ఎక్కించేటప్పుడు రీలు మొదటి కొస చక్రం గాడిలోంచి జారిపోతే లివర్ లాగుతున్నా, అంకె పెరుగుతున్నా రీలు డబ్బాలోనే ఉంటుంది. ఈసారి మూత వేశాక రివైండ్ నాబ్‌తో వదులు లాగేసి, లివర్ తిప్పుతూ ఆ నాబ్‌ని చూడండి. లివర్‌తో పాటు నాబ్ కూడా తిరగాలి. తిరగకపోతే అక్కడే మూత తీసి మళ్లీ ఎక్కించండి.